ఈరీ సరస్సు ఒడ్డున బైక్ నైట్: అరవై మైళ్ల స్పీడులో కాదు, అయిదు మైళ్ల స్పీడులోనే అసలు పరీక్ష

"బైక్ నైట్‌కి వెళ్లాలంటే పెద్ద బండి ఉండాలా అన్నా?" కొత్తగా ఒహాయో వచ్చిన మన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. బైక్ నైట్ అంటే వారానికో సాయంత్రం బండ్లవాళ్లంతా ఒక వీధిలో చేరి, బండ్లు నిలిపి కబుర్లాడుకోవడం. అక్కర్లేదు. చెన్నై దగ్గర తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 చాలు, నేను వెళ్లేది దాని మీదే. మన దగ్గర దాన్ని ఇంటర్‌సెప్టర్ అంటారు. ఆ పేరు అమెరికాలో హోండా చేతిలో ఉంది కాబట్టి ఇక్కడ ఐఎన్‌టీ 650 అని అమ్ముతారు. బండి ఏదైనా మనకు రావాల్సినవి మూడు: నడక వేగంతో నడపడం, వెనక్కి నెట్టి నిలపడం, చీకట్లో క్షేమంగా ఇంటికి తేవడం. బైక్ నైట్‌లో నేను చూసినంతవరకు బండ్లు పడేది రోడ్డు మీద కాదు, పార్కింగ్ దగ్గర. అందుకే ఈ వ్యాసంలో సగం పార్కింగ్ గురించే ఉంటుంది.

ఊరి పేరు జెనీవా ఆన్ ద లేక్. క్లీవ్‌లాండ్‌కి తూర్పున సుమారు 50 మైళ్ల దూరంలో, అష్టబులా కౌంటీలో, ఈరీ సరస్సు దక్షిణపు గట్టు మీద ఉన్న చిన్న పల్లె. 1869లో స్టర్జన్ పాయింట్ అనే చోట పిక్నిక్ స్థలంగా మొదలైంది. ఒహాయోలో మొట్టమొదటి వేసవి విడిది ఇదేనని చెప్పుకుంటారు. ఊరికి ముఖ్యమైన వీధి ఒక్కటే. పేరుకు లేక్ రోడ్, నంబరు స్టేట్ రూట్ 531, నోటి మాటగా మాత్రం 'ద స్ట్రిప్'. 1950 నుంచి నడుస్తున్న ఎడ్డీస్ గ్రిల్, డోనట్ కొట్టు, మినీ గోల్ఫ్, ఆటల దుకాణాలు, బార్లు అన్నీ ఆ వీధి మీదే. ఎండాకాలం వచ్చిందంటే వారానికో సాయంత్రం ఆ వీధి పొడవునా బండ్లు వరసకడతాయి. రేసు ఉండదు, ఊరేగింపు ఉండదు, మొదలుపెట్టేవాళ్లూ ముగించేవాళ్లూ ఉండరు. రావడం, నిలపడం, తిరగడం, తినడం, చీకటి పడ్డాక వెళ్లిపోవడం, అంతే. మన ఊళ్లో సంత ఎలా జరుగుతుందో అలా. సెప్టెంబర్‌లో జరిగే 'థండర్ ఆన్ ద స్ట్రిప్' ర్యాలీ వేరు. అది రోజుల తరబడి సాగే పెద్ద జాతర, కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టొద్దు. వారం వారం జరిగేదానికి రెండు మూడు సార్లు వచ్చి, చెయ్యి కుదిరాక అటు చూడండి.

ముందు లైసెన్సు సంగతి. ఒహాయోలో మోటార్‌సైకిల్ రాత పరీక్ష పాసైతే తాత్కాలిక పర్మిట్ ఇస్తారు. దాంతో రాత్రిపూట నడపకూడదు, వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) ఎక్కకూడదు, హెల్మెట్ లేకుండా కదలకూడదు. అంటే పర్మిట్ మీద బైక్ నైట్‌కి వెళ్లగలరు గానీ చట్టప్రకారం తిరిగి రాలేరు. ఇది తెలియక సాయంత్రం బయల్దేరి, పొద్దుగూకాక ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయినవాళ్లు ఉన్నారు. స్కిల్ టెస్టు అయినా ఇచ్చి, రాష్ట్రం నడిపే బేసిక్ కోర్సు అయినా చేసి, లైసెన్సు మీద పూర్తి మోటార్‌సైకిల్ అనుమతి (ఎండార్స్‌మెంట్) తెచ్చుకున్నాకే రండి. నా ఓటు కోర్సుకే. ఇండియాలో పదేళ్లు నడిపినవాళ్లకి అది మరీ అవసరం. మనకు ట్రాఫిక్‌లో దూరిపోవడం వచ్చు. కోన్ల మధ్య ఫస్ట్ గేర్‌లో యూ టర్న్ కొట్టమంటే చాలామందికి కాలు నేలకి తగులుతుంది.

హెల్మెట్ విషయంలో ఒహాయో చట్టం వదులుగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు వచ్చి ఏడాది దాటితే హెల్మెట్ అడగరు, కళ్లకు రక్షణ మాత్రం ఉండాలి. అందుకే స్ట్రిప్ మీద సగం తలలు బోడిగా కనిపిస్తాయి. వాళ్లని చూసి మీదీ తీసి సంచిలో పడెయ్యకండి.

బండి సిద్ధం చెయ్యడం పొద్దున్నే అయిపోవాలి, ఆఫీసు నుంచి వచ్చాక కాదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తేడాకి గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. ఎండలో నిలిపిన బండికి కొలిస్తే అంకె బాగానే కనిపిస్తుంది, రాత్రి చల్లబడ్డాక తక్కువ గాలితో ఇంటికి వస్తారు. ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్లోనో ఉంటుంది. టైరు పక్కగోడ మీద రాసింది గరిష్ఠం, అది కొట్టించకండి. అదే పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఆ అంకె చూడకుండా గాడి లోతు ఒక్కటే చూసి మురిసిపోతారు. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది.

చైన్‌కి 300 నుంచి 500 మైళ్లకోసారి లూబ్ కొట్టాలి, అది కూడా ముందురోజు రాత్రి. బయల్దేరే ముందు కొడితే అంతా చక్రం మీదకి చిమ్ముతుంది. బ్రేక్ లైటు చేతి లీవర్‌కి వేరుగా, కాలి పెడల్‌కి వేరుగా వెలుగుతుందో లేదో చూడండి. రెండింటికీ స్విచ్‌లు వేరు, ఒకటి పోయినా చాన్నాళ్లు తెలియదు. ఇక ట్యూబ్ సంగతి. స్పోక్ చక్రాలున్న ఎన్‌ఫీల్డ్‌కి లోపల ట్యూబ్ ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లకి వాడే పంచర్ ప్లగ్ కిట్ దానికి దండగ. కాబట్టి కిట్ కంటే టోయింగ్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ ముఖ్యం. రాత్రి పదింటికి ఆ పక్క పంచర్ షాపు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

నా సంచిలో ఉండేవి: స్టాండ్ కింద పెట్టే పక్, తెల్ల వైజర్ (హెల్మెట్ ముందుండే రంగులేని అద్దం), తడి గుడ్డ, చిన్న నీళ్ల సీసా, టార్చి, పల్చటి రెయిన్ కోటు, లోపల వేసుకునే చలి పొర ఒకటి. తెల్ల వైజర్ మర్చిపోవడం అందరూ ఒక్కసారైనా చేసే తప్పు. సాయంత్రం ఎండకి నల్ల వైజర్‌తో వస్తారు, చీకటి పడ్డాక దాన్ని పైకెత్తుకుని నడుపుతారు. ఈరీ ఒడ్డున పైకెత్తిన వైజర్ అంటే కళ్లలో పురుగులే. లోపల దించే నల్ల అద్దం ఉన్న హెల్మెట్ అయితే ఈ తంటా ఉండదు.

పెట్రోలు నింపడంలో ఒక కిటుకు. ఐఎన్‌టీ 650 ట్యాంకు 13.7 లీటర్లు, అంటే 3.6 గ్యాలన్లు. రానూపోనూ నూరు మైళ్లు దాటినా సరిపోతుంది. కానీ గుంపులో ఎవరి ట్యాంకు చిన్నదో వాళ్ల లెక్కే అందరి లెక్క. రెండు గ్యాలన్ల ట్యాంకున్న చిన్న క్రూయిజర్ ఒకటి ఉంటే మధ్యలో ఆగక తప్పదు. సరస్సు చేరకముందే దారిలో వచ్చే జెనీవా టౌన్‌లోకి రాగానే అందరూ నింపేసుకోవాలి, తిరుగు ప్రయాణానికి వాయిదా వెయ్యకూడదు. అలాగని మూతి దాకా పొయ్యొద్దు. సైడ్ స్టాండ్ మీద ఎడమకి ఒరిగిన బండి ఎండలో రెండు గంటలు ఉంటే పెట్రోలు వ్యాకోచించి వెంట్ పైపులోంచి కారుతుంది. నింపే గొట్టం అడుగు దాకా వస్తే చాలు.

దారి తేలిక. క్లీవ్‌లాండ్ నుంచి ఐ-90 ఇంటర్‌స్టేట్ మీద తూర్పుకి వచ్చి 218వ ఎగ్జిట్ దగ్గర దిగి, స్టేట్ రూట్ 534 పట్టుకుని ఉత్తరంగా సరస్సు దాకా. అక్కడ 531 తగులుతుంది. ఊరికే ఇంటర్‌స్టేట్ మీద రావడం బోరు అనుకుంటే యూఎస్ 20 అనే పాత హైవే మీద రావచ్చు. దక్షిణం నుంచి, యంగ్స్‌టౌన్ వైపు నుంచి వచ్చేవాళ్లు లోపలి దారుల్లో జాగ్రత్తగా ఉండాలి. మిడిల్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఆమిష్ జనం (సొంత కార్లు వాడని ఒక క్రైస్తవ సమాజం) ఎక్కువ, రోడ్డు మీద గుర్రపు బగ్గీలు తిరుగుతాయి. బగ్గీని దాటడం కష్టం కాదు. మలుపులో టైరు కింద పడే గుర్రపు పేడ ప్రమాదం, వానకి తడిసిందంటే సబ్బే. ఐ-90కి దక్షిణాన గ్రాండ్ నది మీద హార్పర్స్‌ఫీల్డ్ కప్పు వంతెన ఉంది, 1868 నాటిది, 228 అడుగుల పొడవు. చూడాల్సిందే. కానీ లోపల చెక్క పలకలు, పైగా ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వెళ్తాం కాబట్టి రెండు క్షణాలు ఏమీ కనపడదు. ముందే స్పీడు తగ్గించి, హ్యాండిల్ నిటారుగా పెట్టి, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి.

ఈ రోడ్ల మీద ఇంకో శత్రువు తారు పాములు. చలికాలంలో పగిలిన రోడ్డు పగుళ్లలో తారు పోసి పూడుస్తారు, అవి నల్లగా వంకరటింకరగా పాకినట్టు ఉంటాయి. జూలై మధ్యాహ్నం అవి మెత్తబడి జారతాయి. మలుపులో ముందు చక్రం ఒక జానెడు పక్కకి జరిగినట్టు అనిపిస్తే భయపడి బ్రేకు నొక్కకండి. పాము దాటగానే పట్టు దానంతటదే వస్తుంది.

గుంపుగా వెళ్తే అయిదు, మహా అయితే ఏడు బండ్లు. అంతకు మించితే రెండు గుంపులు చెయ్యండి. లేన్‌లో ముందు బండి ఎడమ పక్కన ఉంటే వెనకది కుడి పక్కన, ఏటవాలుగా ఉన్న ముందు బండికి ఒక సెకను, సరిగ్గా మన ఎదురుగా ఉన్నదానికి రెండు సెకన్లు దూరం. మలుపుల్లో ఒకే వరస. కొత్తగా నేర్చినవాణ్ణి రెండో స్థానంలో పెట్టాలి. చాలామంది చివర పెడతారు, అది తప్పు. చివరివాడు మిగతా అందరి స్పీడు తేడాలనీ భరించాలి, రబ్బరు బ్యాండు కొసలా లాగబడతాడు. చివర ఉండాల్సింది అనుభవం ఉన్నవాడు.

ఇక స్ట్రిప్ మీదకి రావడం. సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య వస్తే ఖాళీలు చూసుకుని నిలపొచ్చు. ఏడు దాటితే ఉన్న సందులో దూర్చాలి. వీధి మొత్తం అయిదు మైళ్ల వేగంతో కదులుతుంది, మధ్యమధ్యలో ఐస్‌క్రీములతో పిల్లలు అడ్డం వస్తారు. ఇక్కడ స్పీడుని ముందు బ్రేకుతో కాదు, వెనక బ్రేకుతో ఆపుకోవాలి. యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి ఉంచి, క్లచ్ సగంలో పట్టుకుని, వెనక బ్రేకు కాస్త అదిమి ఉంచితే బండి తాడు కట్టినట్టు నిలకడగా పోతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, ఇరవై ముప్పై అడుగుల ముందు.

బండ్లు పడేది సరిగ్గా ఈ వేగంలోనే. హ్యాండిల్ పక్కకి తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు నొక్కితే బరువంతా తిరిగిన వైపుకి పడుతుంది. అరవైలో ఆ తప్పు తెలియదు, ఎందుకంటే అరవైలో హ్యాండిల్ అంత తిరగదు. అయిదులో ఒక్క వేలు చాలు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, పూర్తి టూరింగ్ హార్లీ 370 కిలోలు దాటుతుంది. ఒరగడం మొదలైతే రెండూ ఒకటే, కాలితో ఆపలేం. ఆగే ముందు హ్యాండిల్ నిటారు చెయ్యడం అలవాటైతే సగం ప్రమాదం పోయినట్టే.

నత్తనడకలో ఇంజను వేడి కూడా లెక్కలోకి వస్తుంది. గాలికీ ఆయిల్‌కీ చల్లబడే ఇంజన్లకి గాలి తగలాలి. వరస కదలకపోతే ఇంజను ఆపెయ్యండి, రెండడుగులు జరగడానికి కాళ్లతో నెట్టుకోవచ్చు. వేడెక్కితే క్లచ్ ఆట మారుతుంది, న్యూట్రల్ దొరకదు. న్యూట్రల్ కోసం గేరు పెడల్ మీద తొక్కుతూ క్లచ్ జారవిడిచి ముందు బండిని ముద్దుపెట్టినవాళ్లు బోలెడు.

నిలిపే చోటికి వచ్చాం. రోడ్డు ఎప్పుడూ మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది, నీళ్లు పోవడానికి. మూతి ముందుకి పెట్టి కర్బ్ (కాలిబాట అంచు గట్టు) వైపు దూర్చారంటే, పోయేటప్పుడు బండిని వెనక్కి, ఎత్తుకి లాగాలి. రెండు వందల కిలోల బండిని, రెండు పక్కలా బండ్ల మధ్యలోంచి, బూట్ల కింద ఇసుక జారుతుండగా. అందుకే అందరూ వెనక చక్రం కర్బ్ వైపు పెట్టి నిలుపుతారు. పల్లం మనకి సాయం చేస్తుంది, పోయేటప్పుడు ఇంజను సాయం చేస్తుంది.

నేను చేసేది ఇలా. ఖాళీ దాటి ఒక బండి పొడవు ముందుకి వెళ్లి ఆగుతాను. సిగ్నల్ వేసే ఉంచుతాను, వెనక కారువాడికి అర్థం కావాలిగా. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో, సీటు మీద కూర్చునే, రెండు కాళ్లతో వెనక్కి తోస్తాను. దిగి పక్కన నిలబడి నెట్టేవాళ్లూ ఉన్నారు, దానికి నడుం బలం కావాలి, బండి అవతలి పక్కకి ఒరిగితే పట్టుకునే దారి ఉండదు. తోస్తూ రెండు అద్దాల్లో పక్క బండ్ల చక్రాలు చూస్తాను. కర్బ్‌కి 45 నుంచి 60 డిగ్రీల ఏటవాలుగా వచ్చాక, వెనక టైరు కర్బ్‌కి జానెడు దూరంలో ఉండగా ఆపుతాను. టైరు కర్బ్‌కి ఆనించకూడదు. ఆనిస్తే సైలెన్సర్ కర్బ్ మీదకి పోతుంది.

అప్పుడే స్టాండ్ వెయ్యను. ముందు వాలు చూస్తాను. సైడ్ స్టాండ్ ఎడమ పక్కన ఉంటుంది. నేల ఎడమకి పల్లంగా ఉంటే బండి మరీ ఒరిగి బరువంతా స్టాండ్ మీద పడుతుంది. కుడికి పల్లంగా ఉంటే బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, పక్కవాడి తొడ తగిలితే చాలు కుడికి పడిపోతుంది. ఆ పక్కన ఇంకో బండి, దాని పక్కన ఇంకోటి, పేకముక్కల్లా వరస పడుతుంది. రెండో ప్రమాదమే పెద్దది. అలా ఉంటే ఏటవాలు కోణం మార్చుకోవాలి, లేదా ఆ ఖాళీ వదిలేసి ఇంకోటి చూసుకోవాలి. పక్క బండికీ మనకీ మధ్య మూడడుగులు ఉండాలి. అంటే మనిషి పక్కకి తిరక్కుండా మామూలుగా నడిచి పోయేంత, కాలు ఎత్తి దిగేటప్పుడు బూటు పక్కవాడి సీటుకి తగలనంత.

స్టాండ్ కింద పక్. ఎండకి తారు మెత్తబడుతుంది, స్టాండ్ కాలు చిన్నది, బరువంతా ఆ రెండంగుళాల మీదే. ఒకసారి నా ఎదురుగానే ఒక పెద్ద టూరింగ్ బండి నిలిపి పావుగంట కాలేదు. ముందు హ్యాండిల్ కొద్దిగా తిరిగింది, తర్వాత అద్దం కిందికి దిగింది, యజమాని ఫ్రైస్ పొట్లం పట్టుకుని పరుగెత్తేలోగా నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, ఎడమకి పడుకుంది. స్టాండ్ తారులో అంగుళం లోతు గుంట తీసింది. పక్ అంటే మూడంగుళాల ప్లాస్టిక్ బిళ్ల, అంతే. లేకపోతే తొక్కి చదును చేసిన కూల్‌డ్రింక్ డబ్బా పెట్టండి, చెక్క ముక్క పెట్టండి. పక్‌కి దారం కట్టి రెండో కొస హ్యాండిల్‌కి తగిలిస్తే వదిలేసి పోవడం ఉండదు, స్టాండ్ తీశాక వంగక్కర్లేకుండా పైకి లాగేసుకోవచ్చు.

స్టాండ్ వేశాక హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, బండిని ముందుకి ఒక్కసారి నెట్టి చూడండి. న్యూట్రల్‌లో వదిలితే బండి ముందుకి జరిగి స్టాండ్ మడుచుకుపోతుంది.

వెనక్కి పెట్టి నిలపడంలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సైలెన్సర్లు కాలిబాట వైపుకి వస్తాయి. స్ట్రిప్ మీద నిక్కర్లు వేసుకున్న పిల్లలు తిరుగుతుంటారు. ఇంజను ఆపాక కనీసం అరగంట ఆ గొట్టం చర్మం కాలుస్తుంది. ఆ అరగంట నేను బండి వదిలి పోను, పక్కనే నిలబడతాను. ఎలాగూ మాటలు కలిసేది అప్పుడే. "ఇది ఏ సంవత్సరం మోడల్?" అని అడిగేవాళ్లు ఎన్‌ఫీల్డ్ దగ్గర తప్పకుండా ఆగుతారు, దాన్ని 1960ల నాటి ఇంగ్లిష్ బండి అనుకుంటారు. చెన్నై అంటే నమ్మరు.

బండి పడితే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. ముందు కిల్ స్విచ్ నొక్కి ఇంజను ఆపండి. పెట్రోలు కారుతోందేమో చూసి సిగరెట్ తాగేవాళ్లని దూరం పంపండి. కుడికి పడితే లేపకముందే సైడ్ స్టాండ్ బయటికి తీసి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపుకి ఎడమకి పడుతుంది. గేరులో ఉంచండి. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి పిరుదులు ఆనించి, ఒక చెయ్యి కిందున్న హ్యాండిల్ పిడికి, ఇంకో చెయ్యి ఫ్రేముకో గ్రాబ్ రైలుకో (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ). నడుం వంచకుండా కాళ్లతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ లేపాలి. ముగ్గురు వచ్చి తలో పక్కా పట్టి లాగితే వంకర్లు పోయేది బండే. లేపాక వెంటనే స్టార్ట్ చెయ్యకండి, అయిదు నిమిషాలు ఆగండి. లీవరు విరగలేదు కదా, బ్రేకు గట్టిగా ఉంది కదా చూసుకోండి. స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్ల పొగ వస్తే కంగారు పడక్కర్లేదు, పక్కకి పడినప్పుడు ఆయిల్ చేరరాని చోటికి చేరి ఉంటుంది.

మర్యాదలు రెండే. అడక్కుండా ఎవరి బండీ ముట్టుకోవద్దు, ఎక్కి కూర్చుని ఫోటో అసలే వద్దు. బెల్టు బకిల్ గీసిన గీత పెయింటులో లోతుగా దిగుతుంది. రెండోది, నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పి మోత పెట్టొద్దు. 1986 తర్వాతి రోడ్డు బండ్లకి ఫెడరల్ పరిమితి 80 డెసిబెల్స్, దాన్ని మించే సైలెన్సర్లు ఆ వీధిలో ఎన్ని ఉన్నాయో చెవులకే తెలుసు. విడిది ఇళ్లలో చంటిపిల్లలు ఉంటారు. ఇలాంటి సాయంత్రాలు ఊరివాళ్ల ఓపిక మీదే నడుస్తాయి.

తిండి: అడుగు పొడవు హాట్ డాగ్‌కి పేరున్న ఊరు. శాకాహారులకి ఫ్రైస్, పిజ్జా, డోనట్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, ఇంటి దగ్గర పులిహోర తిని రావడం ఉత్తమం. చుట్టూ ద్రాక్షతోటలు, వైనరీలు. చట్టంలో రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.08 శాతం అని ఉంది గానీ, రాత్రి తిరుగు ప్రయాణం ఉన్నవాళ్ల హద్దు సున్నా. మా గుంపులో దీనికి మినహాయింపు లేదు, తాగిన మనిషి బండి అక్కడే ఉంటుంది, మనిషి కారులో వస్తాడు.

వాతావరణం పడమర నుంచి వస్తుంది, సరస్సు మీదుగా వస్తే చప్పుడు లేకుండా వస్తుంది. పడమటి దిక్కున నీళ్ల మీద నల్లటి గోడలా మబ్బు లేచి, గాలి ఒక్కసారిగా చల్లగా తిరిగిందంటే మీకు పది పదిహేను నిమిషాలే ఉన్నాయి. అప్పుడు ఇంటికి పరుగు తియ్యడం తప్పు, ఎందుకంటే మన ఇల్లు కూడా పడమరే, నేరుగా దాని నోట్లోకి పోతాం. ఏదో ఒక కప్పు కింద కూర్చోండి. ఎండాకాలపు వాన చాలాసార్లు గంటలోపు దాటిపోతుంది. వాన మొదలైన తొలి పావుగంట రోడ్డు మీద ఆయిల్ తేలుతుంది, తెల్ల గీతలు, జీబ్రా పట్టీలు అద్దంలా ఉంటాయి.

ఎప్పుడు బయల్దేరాలన్నది అసలు చర్చ. జూన్ చివర్లో సూర్యాస్తమయం దాదాపు తొమ్మిదింటికి, ఆగస్టు చివరికి ఎనిమిదికి వచ్చేస్తుంది. జూన్‌లో సూర్యుడు వాయవ్యాన, నేరుగా నీళ్లలోకి దిగుతాడు, దానికోసమే సగం జనం ఆగుతారు. "చీకటి పడకముందే పోదాం" అని సూర్యాస్తమయానికి అరగంట ముందు బయల్దేరడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది గానీ, క్లీవ్‌లాండ్ వైపు వెళ్లేవాళ్లకి అదే అన్నిటికంటే చెడ్డ సమయం. ఎండ సూటిగా కళ్లలోకి, మన వెనక కారువాడి కళ్లలోకి కూడా. మన బ్రేక్ లైటు అతనికి కనపడదు. అయితే గంటన్నర ముందు వెళ్లాలి, లేదా పూర్తిగా అస్తమించాక వెళ్లాలి. మేం రెండోదే చేస్తాం.

చీకట్లో జింకల కోసం నడపాలి. మునిమాపు వేళ అవి పొలాల్లోంచి రోడ్డు దాటతాయి, ఒకటి దాటిందంటే వెనక ఇంకో రెండు ఉంటాయి. లెక్క చూడండి. 60 మైళ్ల వేగంలో సెకనుకి 88 అడుగులు. చూసి చెయ్యి బ్రేకు మీద పడేసరికి సెకనున్నర, అంటే 132 అడుగులు. ఆగడానికి ఇంకో 170. మొత్తం 300 అడుగులు. అదే 45 మైళ్లలో అన్నీ కలిపి 200 లోపే. లో బీమ్ వెలుగు 300 అడుగులు రాదు. అంటే 534 లాంటి చీకటి రోడ్డు మీద 60లో వెళ్తే కనిపించాక ఆపడం అసాధ్యమే. 45కి తగ్గించి, ఎదురు బండి లేనప్పుడల్లా హై బీమ్ వెయ్యాలి. జింక ఎదురొస్తే నిటారుగా, రెండు బ్రేకులూ, పక్కకి తప్పించే ప్రయత్నం వద్దు. అది ఎటు దూకుతుందో దానికే తెలియదు. వెళ్లేటప్పుడు యూఎస్ 20 మీద షికారు చేసినా, తిరిగొచ్చేటప్పుడు ఐ-90 పట్టుకుంటాను. అక్కడా జింకలు ఉంటాయి గానీ పక్కలు వెడల్పు, ముందే కనిపించే అవకాశం ఎక్కువ. రాత్రి గుంపులో దూరం రెండు సెకన్లు కాదు, మూడు నాలుగు.

చలి ఇంకో సంగతి. మధ్యాహ్నం 88 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో చెమటతో వచ్చినవాడు రాత్రి పదింటికి 62 డిగ్రీల గాలిలో 60 మైళ్ల వేగంతో వెళ్తాడు. ముందు వేళ్లు మొద్దుబారతాయి, అప్పుడు బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు. వణుకు మొదలయ్యాక ఆగి సంచిలోంచి చలి పొర తీసుకోవడం కాదు, స్ట్రిప్ మీదే లోపలి పొర వేసుకుని బయల్దేరాలి. అక్కడ ఉక్కగా అనిపించినా సరే. వైజర్ తడిగుడ్డతో తుడవడం కూడా అక్కడే. సరస్సు ఒడ్డు దీపాల కింద ముసిరే చిన్న పురుగులు వైజర్ మీద ఎండిపోయాక తుడిస్తే పులుముకుంటాయి, ఎదురు లైట్లు పడితే వైజర్ మొత్తం తెల్లగా మెరిసి ఏమీ కనపడదు.

ఇల్లు చేరాక ఇంకో పావుగంట పని ఉంది, అలసిపోయి వదిలెయ్యకండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాల మీద, హెడ్‌లైట్ మీద అంటుకున్న పురుగుల మీద తడి గుడ్డ కప్పి ఉంచితే నానతాయి, పొద్దున్నే తేలిగ్గా వస్తాయి. ఎండనిస్తే ఫోర్క్ సీల్ దగ్గర గట్టిపడి, సస్పెన్షన్ కదిలినప్పుడల్లా సీలుని కోస్తాయి. చైన్ వేడిగా ఉన్నప్పుడే లూబ్ కొడితే లోపలికి దిగుతుంది, రాత్రంతా ఆరుతుంది. సైలెన్సర్ చల్లారేదాకా కవర్ కప్పొద్దు. చివరిగా, సంచిలో చెయ్యి పెట్టి పక్ ఉందో లేదో చూసుకోండి.